సదువు గొర్రెలు

మా కురుమలకు మనిషికి మాట ఇస్తే సరిపోదు. ఆ మాటను తీసుకుపోయి దేవుడి చెవిలో కూడా వేయాలి. అప్పుడు గానీ తృప్తి ఉండదు. నా మేనల్లుడు లక్ష్మీనర్సయ్య చదువును కూడా అట్లాగే మా కులదేవుడు బీరప్ప చెవిలో వేశారు. నన్నడిగితే పని ఆనాడే చెడింది. కానీ నన్నడిగిందెవరు?

నా పేరు సైదులు. సూర్యాపేట బజారులో గొంగళ్లు అమ్మేవాణ్ణి. మా అక్క నర్సమ్మను పెన్‌పహాడ్ దగ్గర ఒక ఊళ్లో బీరయ్యకిచ్చారు. బీరయ్య బావకు గొర్రెలే లోకం. మనుషులతో మాట్లాడాలంటే మాటలు వెతుక్కుంటాడు, మందలో నిలబడితే మాత్రం పొద్దుగూకే దాకా మాట్లాడతాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఎక్కణ్ణుంచి అంటిందో గానీ చదువు పిచ్చి అంటింది. నా దగ్గరే ఉండి సూర్యాపేట సర్కారు బడిలో చదివాడు. అప్పుడు నిజాం రాజ్యం, చదువంతా ఉర్దూలోనే. దుకాణంలో గొంగళ్ల దొంతర మీద కూర్చుని వాడు పాఠం పైకి చదువుతుంటే బేరానికొచ్చిన సాయిబులు బేరం మరిచిపోయి వినేవాళ్లు. "యే బచ్చా కిస్కా హై?" అని అడిగేవాళ్లు. గొర్రెలు కాసేవాళ్ల పిల్లగాడంటే నమ్మేవాళ్లు కారు. నాకు పిల్లల్లేరు. వాణ్ణి చూసుకుని పొంగిపోయేవాణ్ణి, అబద్ధమెందుకు?

వాడు పై తరగతులకొచ్చిన ఏడు బడి పంతులు నన్ను పిలిచి, "వీణ్ణి మెట్రిక్కుతో ఆపకు సైదులూ, పట్నం యూనివర్సిటీకి పంపు" అన్నాడు. పంపడమంటే ఊరికే పంపడమా? తిండి, కిరాయి, ఫీజు, బట్టలు. బీరయ్య బావ ఆస్తంతా నాలుగు కాళ్ల మీద నడిచేదే. నా దుకాణం నా ఇంటిదాన్ని, నన్ను సాకడానికే సరిపోయేది. సంగతి మా కులపెద్ద కొమురయ్య దాకా పోయింది. కొమురయ్య మంచివాడు. మంచివాడు కాకపోయినా బాగుండేదేమో అని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

కొమురయ్య కులాన్నంతా బీరప్ప గుడి ముందు కూర్చోబెట్టాడు.

"పట్నంల రాతిమేడలు గట్టి యూనివర్సిటీ పెట్టిన్రట. మనం కట్టే పన్నులతోని కట్టిందే గద. గండ్ల ఇయ్యాల్టి దాక మన కురుమోని పిల్లగాడు ఒక్కడన్న కూసున్నడా? కూసోవాలె. ఇంటికొక ఆడపిల్లను ఇయ్యుండ్రి."

ఆడపిల్ల అంటే గొర్రెపిల్ల. ఇంటికొకటి ఇచ్చారు. భర్తపోయి ఒక్క గొర్రెతో బతుకుతున్న పిచ్చమ్మవ్వ కూడా ఆ ఒక్కదాని పిల్లను తెచ్చి గుంపులో వదిలింది. ఎందుకవ్వా అంటే, "నా మనుమడసుంటోడు పట్నంల సదివితే నేను సదివినట్టే" అంది. అన్నింటికీ ఎడమ చెవికి గాటు పెట్టారు. అది దేవుడి గొర్రె అని గుర్తు. అప్పుడు కొమురయ్య గుడి వైపు తిరిగి చేతులు జోడించి అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"బీరప్పా, ఇవి నీ గొర్రెలు. వీటి ఈత, వీటి ఉన్ని, వీటి ఎరువు అన్ని మా లక్ష్మీనర్సయ్య పట్నం సదువుకే. ఇంకో పనికి వీటిని ముట్టం. పిల్లగాడు పట్నం పోయి యూనివర్సిటీల సదివి ఊరికొచ్చిన్నాడు, మిగిలిన యాటల్ని నీ గుడికాడనే కోసి నీ పేరు మీద కులమంత తింటం."

అందరూ "బీరప్పా" అని దండం పెట్టారు. నేనూ పెట్టాను.

ఆనాటి నుంచి వాటి పేరు సదువు గొర్రెలు. బీరయ్య బావ తన మందతో కలిపి మేపేవాడు. కోతలయ్యాక మంద మిర్యాలగూడ వైపు దిగేది, ఒక్కో ఏడు వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటి దాకా పోయేది. రైతుల పొలాల్లో రాత్రిళ్లు మంద కట్టేవాళ్లు. గొర్రెల ఎరువు పొలానికి, రైతు కొలిచిన వడ్లు గొర్రెలోళ్లకు. సదువు గొర్రెలు పడుకున్న మడి వడ్లు విడిగా మూటగట్టి, ఆకలైనా విప్పకుండా నా దుకాణానికి తెచ్చేవాడు బావ. వాటి పొట్టేళ్లు అమ్మితే వచ్చింది వాడి పుస్తకాలకు. గొంగడి కప్పుకుని వరిమడి గట్టు మీద కూర్చుని ఒక యూనివర్సిటీని నడిపిస్తున్నట్టుండేవాడు మా బావ. నవ్వొచ్చేది, గర్వంగానూ ఉండేది.

తరవాత రజాకార్లొచ్చారు. ఊళ్లమీద పడి దొరికిన గొర్రెనల్లా తోలుకుపోయేవాళ్లు. వాళ్లొస్తున్నారని కబురందితే మావాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసా? సదువు గొర్రెల్ని వాగు పొదల్లో దాచి, తమ సొంత గొర్రెల్ని ఎదురుగా పెట్టేవాళ్లు. దేవుడి సొమ్ము పోతే ఊరు మిగలదని భయం. బీరయ్య బావ మందలో సగానికి పైగా అట్లా పోయింది. నా దుకాణాన్ని కూడా ఎవరో ఒక రాత్రి దోచుకున్నారు. ఎవరో కనుక్కునే ధైర్యం నాకు లేదు, వినే కొత్వాలూ లేడు. సదువు గొర్రెలు మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆ గడబిడలోనే లక్ష్మీనర్సయ్య మెట్రిక్కు ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ జూన్‌లో పట్నం పంపుదామంటే దారులు బాగాలేవు. పోయినవాడు వస్తాడో రాడో తెలియని రోజులు. మా అక్క గడపకు అడ్డంగా కూర్చుంది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. మరుసటి జూన్‌లో, అంటే నలభై తొమ్మిదిలో, కులమంతా సూర్యాపేట దాకా నడిచొచ్చి వాణ్ణి బస్సెక్కించింది. పిచ్చమ్మవ్వ వాడి నెత్తిమీద చెయ్యి పెట్టి, పట్నంల నీళ్లు తాగకు బిడ్డా, జలుబు జేస్తది, అంది. అందరం నవ్వాం. బస్సు పోయినాక ఎవరూ నవ్వలేదు.

నేను నెలనెలా ఒకటో రెండో సదువు గొర్రెల్ని అమ్మి ఆ పైసలు పట్నానికి పంపేవాణ్ణి. వాడి ఉత్తరాల్లో బాగున్నానని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ట్రంకు పెట్టె మోసుకుంటూ వాడే వచ్చి నా దుకాణం ముందు నిలబడ్డాడు. గొంతు ఎముక బయటికొచ్చింది. ముందు గుర్తుపట్టలేదు.

"ఏందిరా గిట్లయినవ్? పానం బాగలేదా?"

"పానం బాగనే ఉంది మామా. సదువే బాగలేదు."

లోపలికి పిలిచి గొంగళ్ల మీద కూర్చోబెట్టి కడుపునిండా అంబలి తాగించాక చెప్పాడు. యూనివర్సిటీలో ఇప్పుడు ఉర్దూ లేదట. రాజ్యంతో పాటే పోయిందట. పాఠాలన్నీ ఇంగ్లీషులో. బడిలో వీడు ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివాడు, అచ్చులో ఉన్నది కూడబలుక్కుంటాడు. సారు నిలబడి గడగడ చెప్పుకుపోతుంటే మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"మొదటి నెలంత ఏదో ఒకనాడు అర్థమైతదనే కూసున్న మామా. పక్కపొంటి పిల్లగాండ్లు నవ్వితే నేను గూడ నవ్విన. ఎందుకు నవ్వుతున్ననో నాకెరుకలేదు."

"మరి హాస్టల్ల ఎవరన్న చెప్పకపోయిన్రా?"

"హాస్టల్ల సీటు దొరకలే. పట్నంల కులానికొక హాస్టలుంది, వాళ్ల వాళ్ల పెద్దోళ్లు కట్టిచ్చిన్రు. మనకెవరు కడ్తరు? ఒక బండ్ల షెడ్డు పక్కన కిరాయికున్న."

"ఫస్టు క్లాసోళ్లకు సదువు ఖర్సుకు వజీఫా ఇస్తరని పంతులు చెప్పిండు గద?"

"ఆ వజీఫా పాత సర్కారుదంట. కొత్తదానికి ఇంక హుకుం రాలేదంట. ఎన్నిసార్లు పోయినా, రేపు రా అన్నరు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. పంతులు మీదా, పోయిన రాజు మీదా, వచ్చిన రాజ్యం మీదా? రాజులు మారితే పొలానికి కొత్త పట్టా ఇస్తారు, పైసాకు కొత్త బొమ్మ వేస్తారు. ఒక పిల్లవాడు పదేళ్లు నోట్లో పోసుకున్న భాషను ఒక్క రోజులో ఉమ్మెయ్యమంటే ఎట్లా? కొత్తది నేర్పించి ఉమ్మెయ్యమనాలి కదా? అట్లాంటి క్లాసొకటి పెట్టడానికి పైసలు లేవని యూనివర్సిటీవాళ్లే చెప్పారట.

"అంటే ఇగ ఖతమా?" అన్నాను.

వాడి ముఖం అప్పుడు కొంచెం వెలిగింది. "ఖతం కాలే మామా. ఒక సారున్నడు, మంచోడు. పరీక్ష కాయితం సూసి నన్ను పిలిచిండు. నీకు లెక్కలొచ్చు, బుర్ర ఉంది, భాష లేదు. పోయి ఇంగ్లీషు నేర్సుకోని జూన్‌ల రా, మల్ల మొదటి సంవత్సరంల చేర్పిస్త అన్నడు. ఇంటికి పొమ్మన్లే మామా, నేర్సుకోని రమ్మన్నడు."

జూన్‌కు ఆరు నెలలుంది. సూర్యాపేటలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాళ్లు ఎవరున్నారని ఆరా తీశాను. చివరికి తెలిసింది కోదాడలో యేసయ్య పంతులు గురించి. బెజవాడ వైపు మిషన్ బడుల్లో పనిచేసి, ముసలితనాన కోదాడలో ఇల్లు కట్టుకున్నాడు. మర్నాడే వాణ్ణి తీసుకుని కోదాడ పోయాను.

యేసయ్య పంతులు చిన్న మనిషి, గొంతు మాత్రం పెద్దది. వాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఇంగ్లీషులో ఏదేదో అడిగాడు. వాడు సగం మాటలకు తలూపాడు, సగానికి నేలచూపు చూశాడు. పంతులు ఒక పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. వాడు చదివాడు, తడబడుతూనే, అర్థం మాత్రం చెప్పగలిగాడు.

"కంగారేం లేదండీ," అన్నాడు పంతులు నాతో. "చెట్టు ఉంది, నీళ్లే పడలేదు. ఆరు నెలలు నా ఇంట్లో ఉంచండి. పొద్దున లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా నేను తెలుగు మాట్లాడను, వాణ్ణి మాట్లాడనివ్వను. జూన్‌కి వాడే పదిమందికి చెప్తాడు."

"మరి మీకేమియ్యాలె సారూ?"

లోపల్నుంచి ఆయన భార్య జానమ్మ అందుకుంది. "ఆయనకేం ఇవ్వొద్దు. పిల్లాడి తిండిగింజలు తెచ్చి పడెయ్యండి చాలు. వయసు పిల్లాడు, బాగా తింటాడు. మా పింఛను మా ఇద్దరికే చాలట్లేదు."

సోమవారం నుంచి రమ్మన్నారు. దారి పొడుగునా వాడు కొత్త మాటలు గొణుక్కుంటూనే నడిచాడు. ఆరు నెలల తిండికి, జూన్‌లో మళ్లీ పట్నం పోయి కుదురుకోవడానికి ఇంకా నాలుగు సదువు గొర్రెలు మిగిలి ఉన్నాయి. దోపిడీ నుంచి నా దుకాణం ఇంకా తేరుకోలేదు, ఇక వాటి మీదే ఆశ. సరిగ్గా సరిపోతాయి. దేవుడు లెక్క చూసే ఉంచాడనుకున్నాను.

ఆ గొర్రెలు బీరయ్య బావ దగ్గరున్నాయి. మంద అప్పుడు మిర్యాలగూడ అవతల వరికొయ్యల్లో దిగి ఉంది. పోయేసరికి సాయంత్రమైంది. బావ కొడుకును చూసి లేచి నిలబడ్డాడు, ఏం మాట్లాడాలో తెలియక పక్కనున్న గొర్రె వీపు నిమిరాడు. మందలో కళ సగమే ఉంది. పొదుగులు ఎండినవీ, నోటి వెంట సొంగ కారేవీ కనిపించాయి.

"బొబ్బరోగం తగిలింది బామ్మర్ది," అన్నాడు. "కొమురయ్య మంద సగం పడిపోయింది. సదువు గొర్రెలకు మాత్రం ఏం గాలే."

నేను సంగతంతా చెప్పాను. బావ చాలాసేపు విన్నాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"గవి నావి గావు గద. నావైతే ఇప్పుడే తోలిస్తును. గాటు పెట్టినయ్. పట్నం సదువుకే అని మొక్కినం. కోదాడ పట్నం గాదు."

"కోదాడల నేర్సుకునేది పట్నం సదువు కోసమే గద బావా!"

"నాకు సమజైతది. బీరప్పకు ఎట్ల సమజ్‌జేయాలె? కొమురయ్యనడుగు."

ఆ మాటన్నప్పుడు బావ కళ్లల్లో నీళ్లు. కొడుకు కోసం చావమంటే చస్తాడు, గాటు పెట్టిన గొర్రెను పక్కకు తిప్పమంటే తిప్పలేడు. మా వాళ్లంతే. కోపం రాలేదు నాకు, రావాల్సింది.

ఊరికి పోయేసరికి కొమురయ్య గుడి ముందు కూర్చుని ఉన్నాడు. మనిషి మునుపటిలా లేడు. మందలో రోజూ చావులు. లక్ష్మీనర్సయ్యను చూడగానే ముఖం విప్పారింది. లేచి వచ్చి కావలించుకున్నాడు.

"వచ్చినవా కొడుకా! పట్నంల సదివొచ్చినవా! నేనింక నీకు కబురు పెట్టాలనే అనుకుంటున్న. నాకిప్పుడు సమజైంది రోగం ఎందుకొచ్చిందో. దేవుని సొమ్ము మనం ఎక్కువ రోజులు ఉంచుకున్నం. మొక్కు దీరాలె."

"నేను సదివి రాలేదు తాతా," అన్నాడు వాడు. "నాకు భాష రాక ఎనకకొచ్చిన. పరీక్షల ఫేలైన. నేర్సుకోని మల్ల పోవాలె. ఆ నాలుగు గొర్రెలు ఉంచుండ్రి."

కొమురయ్యకు ఫేలంటే ఏమిటో తెలియదు. తెలియదని చెప్పుకోవడానికి నామోషీ కూడా లేదు. నా వైపు చూశాడు.

"ఫేలంటే సదువు రాలేదని," అన్నాను.

"పోయిండా లేదా?"

"పోయిండు."

"యూనివర్సిటీల కూసున్నడా లేదా?"

"కూసున్నడు. కాని..."

"ఊరికొచ్చిండా లేదా? మరింకేంది సైదులూ! మనం మొక్కింది గదే గద. సదువు ఎంతొచ్చింది, ఎంత రాలేదు అని బీరప్పకు చెప్పినమా? మల్ల పోతే మల్ల మొక్కుకుందాం. రోగం తగ్గనీ, గొర్రెలు పెరగనీ. ముందు ఈ మొక్కు దీరాలె."

గొర్రెలు పెరగాలంటే ఏళ్లు కావాలి. జూన్ ఆరు నెలల్లో వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా చెడ్డవాడు కాడు, అదే కష్టం. ఆయన రోగం తగిలిన గొర్రెల్ని రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ అదే పరిస్థితి. ఒక పిల్లవాడి ఇంగ్లీషు కోసం వాళ్ల గొర్రెలు చస్తూనే ఉండాలని వాళ్లతో ఎట్లా అనగలను?

ఆదివారం మొక్కు తీర్చాలని తీర్మానమైంది. ఆ సోమవారమే వాడు కోదాడలో ఉండాల్సింది.

శనివారం వాడు నా పక్కన అరుగు మీద కూర్చుని ఒక మాట అన్నాడు. "మామా, దేవుడు ఒప్పుకోకపోతే?"

మా దగ్గర దేవుడు ఒప్పుకుంటేనే యాటను కోస్తారు. దాని మీద పసుపు నీళ్లు పోసి నిలబడతారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు పుచ్చుకున్నట్టు. విదిలించకపోతే ఇంకా మొక్కు తీరలేదనీ, అప్పటికి ఆగమనీ అర్థం. నీళ్లు పోయాల్సింది ఎవరి పేరు మీద మొక్కారో వాళ్లే. అంటే వీడే.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఉన్ని కత్తిరింపుకు ఇంకా నెల ఉంది. గొర్రెల మీద ఉన్ని చేతి మందాన పెరిగి ఉంది. వీపు మీద మెల్లగా పోస్తే నీళ్లు పైపైన జారిపోతాయి, చర్మానికి తగలవు. గొర్రెలోళ్ల పిల్లలకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"మెల్లగ పొయ్యి," అన్నాను. దేవుడితో ఆటలాడుతున్నానని తెలుసు. అయినా అన్నాను.

ఆదివారం పొద్దున డప్పులతో గుడికి పోయాం. నాలుగు గొర్రెలకూ కుంకుమ పెట్టారు. ముందుగా నిలబెట్టింది నాలుగింటిలో పెద్దదాన్ని, అది ఒప్పుకుంటే మిగతావీ ఒప్పుకున్నట్టే. బీరయ్య బావ కొడవలి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కొమురయ్య పసుపు నీళ్ల కడవ లక్ష్మీనర్సయ్యకు అందించాడు. వాడి భుజాల మీద కొమురయ్యే తెచ్చి కప్పిన కొత్త గొంగడి ఉంది.

వాడు వంగి, నూనె రాసినంత మెల్లగా నీళ్లు పోశాడు. నీళ్లు ఉన్ని మీద నుంచి జారి నేలలోకి ఇంకిపోయాయి. గొర్రె నిలబడి నెమరు వేస్తూ ఉంది.

"బీరప్పా, ఏం తప్పు జేసినమో చెప్పు," అన్నాడు కొమురయ్య. డప్పులు ఆగాయి. వాడు మళ్లీ పోశాడు. గొర్రె కదల్లేదు. దూరంగా రోగపు గొర్రె ఒకటి దగ్గుతుంటే అదొక్కటే వినిపించింది. వాడు మూడోసారి పోశాడు. గొర్రె తల ఎత్తి వాడి ముఖంలోకి చూసి మళ్లీ దించింది.

కొమురయ్య ముఖం నల్లబడింది. గుడి వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు, "పుచ్చుకుంటలేడు. పిల్లగాడు చెప్పిందే నిజమేమో. సదువు కాలేదేమో. అయితే ఇయ్యాల ఆపుదాం. గొర్రెల్ని..."

నాకు ఊపిరొచ్చింది. లక్ష్మీనర్సయ్య కడవ వంచడం ఆపాడు. వాడు నా వైపు చూశాడు. నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటున్నాడు. పట్నం నుంచి వచ్చాక వాడి ముఖంలో పిల్లతనం చూడటం అదే మొదలు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మా అక్క నర్సమ్మ వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"వద్దు బీరప్పా! నా కొడుకు మీద కోపం పెట్టుకోకు! తీసుకో, నీ గొర్రె నువ్ తీసుకో!"

కొడుకు చేతిలోంచి కడవ గుంజుకుంది. గొర్రె చెవి దొరకబుచ్చుకుని మిగిలిన నీళ్లన్నీ దాని చెవిలోకి పోసింది.

గొర్రె నెత్తి నుంచి తోక దాకా విదిలించుకుంది. పసుపు నీళ్లు అందరి మీదా చిందాయి.

ఒక్కసారిగా డప్పులు మోగాయి. "బీరప్పా! బీరప్పా!" అని జనం అరిచారు. కొమురయ్య నేల మీద సాగిలపడి ఏడ్చాడు. బీరయ్య బావ కొడవలి ఎత్తాడు. నేను అక్క భుజాలు పట్టుకుని ఊపేశాను.

"ఏం జేసినవే అక్కా! ఏం జేసినవ్!"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "దేవుడు గొర్రెను వద్దంటే ఏమడుగుతడురా? నా కొడుకునే గద అడిగేది! ఎట్ల చిక్కిపోయిండో సూడలేదా? ఇగ గండం గడిచింది. గొర్రెలు పోతే పోయినయ్, నా కొడుకు దక్కిండు."

నా చేతులు జారిపోయాయి. ఆమె మీద ఏమని కోప్పడను? ఆమె నమ్మిన లోకంలో కొడుకును బతికించుకుంది. ఆ లోకంలోనే నేనూ పుట్టాను. జానపహాడ్ సైదులు దర్గాలో మొక్కితే పుట్టాననే కదా నాకీ పేరు!

మధ్యాహ్నం కులమంతా బంతిగా కూర్చుంది. మొక్కు ఎవరిదో వాళ్లకు తలకాయ కూర వడ్డించడం మర్యాద. లక్ష్మీనర్సయ్య విస్తరి నిండా వడ్డించారు. పిచ్చమ్మవ్వ వాడి ఎదురుగా కూర్చుని, తను తినడం మానేసి వాడు తినేది చూస్తోంది. "పట్నం సదువు సదివినోడు ఎంత సక్కగ తింటుండో సూడుండ్రి," అంటోంది. అందరూ ముచ్చటగా నవ్వారు. వాడు కూడా నవ్వాడు. తల్లి పక్కన కూర్చుని ముక్కలు వేస్తూనే ఉంది.

"ఇగ భయం లేదు బిడ్డా. కడుపునిండ తిను."

"తింటున్ననమ్మా."

"ఇగ పట్నానికి మల్ల పోవుడు లేదు గద?"

"లేదమ్మా. ఇగ లేదు."

ఆ మాట తరవాత వాడు తలెత్తలేదు. విస్తరిలో ఒక్క మెతుకు కూడా మిగల్చకుండా తిన్నాడు. నేను అంతకు ముందు చావులు చూశాను, దోపిడీ చూశాను. ఆ పిల్లవాడు అట్లా తినడం చూసినంత కష్టం ఎప్పుడూ పడలేదు.

రోగం మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు దానంతటదే పోయింది, గొర్రెలు దాదాపు అయిపోయాక.

మొక్కు తీరిన మర్నాడు సోమవారం, యేసయ్య పంతులు ఎదురుచూస్తాడని గుర్తొచ్చింది. మాట ఇచ్చినవాణ్ణి నేను. పోయి చెప్పడం నా బాధ్యత అనుకుని కోదాడ పోయాను. పంతులు వసారాలో ఒక బల్ల కొత్తగా కడిగి వేయించాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పిల్లాడేడండీ?"

"రాడు సారూ. వాని సదువు అయిపోయింది."

"అదేంటి, ఇంకా మొదలే పెట్టలేదు కదా?"

"అయిపోయింది సారూ. నిన్న బీరప్ప గుడికాడ కోసినం. కులమంత వరుసగ కూసోని తిన్నం. నేను గూడ తిన్న."